ఓల్డ్ నంబర్ వన్: ఎన్ని భాగాలు మారితే కారు మారినట్లు?

గత సంచికలో ఈ శీర్షిక కింద ఒక ఫోటోను, దానికి పది పంక్తుల పరిచయాన్ని ప్రచురించాం. అది ఫ్రాన్సులోని లే మాన్ 24 గంటల పోటీని 1929లోనూ 1930లోనూ వరుసగా గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు. బ్రిటన్‌లో దానిని ‘ఓల్డ్ నంబర్ వన్’ అంటారు. 1990లో ఆ కారుకు కోటి పౌండ్ల బేరం కుదిరిందనీ, ఇది అసలు కారేనా అన్న వివాదం లండన్ హైకోర్టుకు చేరిందనీ, న్యాయమూర్తి దానిని అసలైన ఓల్డ్ నంబర్ వన్‌గానే నిర్ధారించారనీ, 1929 నాటి విడిభాగాలు అందులో చాలా కొద్దిగానే మిగిలాయనీ ఆ పరిచయంలో రాశాం. చివరి వాక్యం చాలామందిని నిలవనీయలేదని వచ్చిన ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అయ్యా, విజయవాడ ఆటోనగర్‌లో నాది లారీలకు బాడీలు కట్టే షెడ్డు. మా దగ్గరకు ఉత్త ఛాసిస్ వస్తుంది, క్యాబిన్, తొట్టి మేము కడతాం. పదేళ్ళ తరువాత ఆ బాడీ విప్పేసి కొత్తది కట్టినా అది అదే లారీ, ఎందుకంటే ఛాసిస్ అదే కనుక. మీరు రాసిన బెంట్లీలో బాడీ మారింది, ఇంజిన్ మారింది, ఛాసిస్ ఫ్రేము కూడా పాతది కాదంటున్నారు. ఇక మిగిలిందేమిటి? జడ్జిగారు ఏ లెక్కన దానిని అదే కారు అన్నారు?

జవాబు: మీ షెడ్డులో జరిగే పనితోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఆ రోజుల్లో బెంట్లీ కార్లు కూడా సరిగ్గా అలాగే తయారయ్యేవి. లండన్‌లోని క్రికిల్‌వుడ్ కర్మాగారంలో తయారైన ఛాసిస్, ఇంజిన్ బాడీ లేకుండానే బయటకు వచ్చేవి. కొన్నవారు తమకు నచ్చిన బాడీ సంస్థకు పంపి పైభాగం కట్టించుకునేవారు. లే మాన్‌కు వెళ్ళిన బెంట్లీలకు వాండెన్ ప్లాస్ సంస్థ యాష్ అనే గట్టి కర్రతో చట్రం కట్టి, దాని మీద గుడ్డ తొడిగి, పోటీ నిబంధనలు కోరినట్లు నాలుగు సీట్ల బాడీలను తయారుచేసేది. కనుక బాడీ మారితే కారు మారిందని ఆ కాలంలో కూడా ఎవరూ అనుకోలేదు, అక్కడ మీకూ వారికీ తేడా లేదు. తేడా అంతా ఛాసిస్ దగ్గరే వస్తుంది.

పందెపు కారు జీవితం లారీ జీవితం లాంటిది కాదు. స్పీడ్ సిక్స్ ఇంజిను ఆరు సిలిండర్లది, 6,597 సీసీ. సిలిండరు వ్యాసం 100 మిల్లీమీటర్లు, స్ట్రోకు 140. పోటీలకు సిద్ధం చేసినప్పుడు సుమారు 200 హార్స్‌పవర్ ఇచ్చేది. బరువైన ఆ కారును ఒక పగలూ ఒక రాత్రీ ఆపకుండా తరిమితే, 1929 లే మాన్‌లో అది నడిచిన దూరం 2,843 కిలోమీటర్లకు పైనే. అప్పుడు నడిపినవారు బెంట్లీ సంస్థ ఛైర్మన్ వుల్ఫ్ బార్నాటో, టిమ్ బిర్కిన్. ఆ ఏడాది మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. దాని మీద ఆనాడు వేసిన పోటీ నంబరు 1, పేరు అక్కడి నుంచే వచ్చింది. 1930లో బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ అదే కారును నంబరు 4తో మళ్ళీ గెలిపించారు. ఈ రెండు పోటీల నడుమ అది ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద కూడా పరుగెత్తింది. ప్రతి పోటీ తరువాత కర్మాగారానికి తిరిగి వచ్చేది, అరిగినదీ వంగినదీ తీసేసేవారు, ఇంకా మెరుగైన భాగం దొరికితే బిగించేవారు. పాతది దాచిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ లేదు, గెలవడమే పని.

1931లో బెంట్లీ సంస్థ అప్పుల్లో మునిగి రోల్స్ రాయిస్ చేతికి వెళ్ళింది. కారు మాత్రం బార్నాటో దగ్గరే ఉండి, ఆ ఏడాది బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన 500 మైళ్ళ పోటీని జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ చేతుల్లో గెలిచింది. 1932 కోసం దానికి మరింత పెద్దదైన 8 లీటర్ల ఇంజిన్ పెట్టారు. ఆ సెప్టెంబరు పోటీలో జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా, ట్రాక్‌కు ఏటవాలుగా కట్టిన మలుపు గట్టు పైఅంచు దాటి కారు అవతలికి పడిపోయింది. ఆయన అక్కడే మరణించారు. ఆ తరువాత బార్నాటో దానిని కూపేగా, అంటే పైకప్పు ఉన్న రోడ్డు కారుగా, మళ్ళీ కట్టించుకున్నారు. చాలా దశాబ్దాల తరువాత వచ్చిన యజమాని ఆ పైకప్పు తీయించి, లే మాన్ నాటి రూపంలో తెరిచిన బాడీ కట్టించారు. కోర్టుకు వెళ్ళేనాటికి ఉన్నది ఈ రూపమే.

1990 జూలైలో తీర్పు ఇచ్చిన జస్టిస్ ఆటన్ ముందుకు నిపుణులు భాగాల జాబితాలతోనే వచ్చారు. 1929 నాటివి దాదాపు ఏమీ లేవు, 1930 నాటివి గేర్‌బాక్స్ తొడుగు వంటివి కొన్ని, మిగతావి ఎక్కువగా 1932 నాటివి అన్నది ఆ సాక్ష్యాల సారాంశం. ఈ లెక్కను న్యాయమూర్తి కాదనలేదు. ఆయన చేసిన పని ఒక్కటే, ‘ఒరిజినల్’ అన్న మాటనూ ‘అసలైనది’ అన్న మాటనూ విడదీశారు. కర్మాగారం నుంచి వచ్చిన భాగాలన్నీ అలాగే ఉంటేనే ఒరిజినల్ అనాలి. ఆ అర్థంలో ఇది ఒరిజినల్ కాదు, పోటీల్లో పాల్గొన్న ఏ కారూ కాదు. అయితే ఇది ముక్కలై చెదిరిపోయి, తరువాత ఎవరో ఆ ముక్కలను ఏరి తెచ్చి మళ్ళీ నిలబెట్టినదీ కాదు. 1929 నుంచి ఏ రోజు చూసినా ‘ఓల్డ్ నంబర్ వన్ ఇదిగో’ అని చూపగలిగిన వస్తువు ఒకటే ఉంది, దాని స్థానంలోకి మరొకటి రాలేదు. మార్పులన్నీ ఆ వస్తువు మీదే, దాని పనిలో భాగంగానే, ఒకదాని తరువాత ఒకటిగా జరిగాయి. కనుక అది అసలైన ఓల్డ్ నంబర్ వన్, బేరం చెల్లుతుంది అని ఆయన తీర్చారు.

నా అభిప్రాయం అడిగితే, పేరు విషయంలో న్యాయమూర్తి చెప్పింది సబబే. కానీ ఆ కారు పక్కన నిలబడి ‘బార్నాటో లే మాన్‌లో పట్టుకున్న స్టీరింగు ఇదే’ అని ఎవరైనా చెబితే మాత్రం నేను వినను. పేరు నిజం కావడం వేరు, ఇనుము నిజం కావడం వేరు. మీరు అడిగిన ఛాసిస్ లెక్క రెండోదానికి చెందినది. బ్రిటన్ రవాణా శాఖ కూడా బాగా మార్చిన వాహనాలకు చాలాకాలం పాటు మీ లెక్కనే అనుసరించింది. ఛాసిస్‌కు 5 పాయింట్లు, స్టీరింగు, సస్పెన్షన్, ఆక్సిల్స్, గేర్లు ఒక్కొక్కదానికి 2, ఇంజిన్‌కు ఒకే ఒక్కటి, మొత్తం 8 వస్తేనే పాత రిజిస్ట్రేషన్ నంబరు నిలిచేది. ఇంజిన్‌కు ఇంత తక్కువ విలువేమిటని మనవాళ్ళు ఆశ్చర్యపోతారు గానీ, షెడ్డులో జీవితం గడిపిన మీకు అది వింతగా తోచదనుకుంటాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. వేలం ప్రకటనల్లో ‘పూర్తి చరిత్ర పత్రాలతో’ అని రాస్తారు. ఆ పత్రాలు అంటే ఏమిటి? అవి కూడా తయారుచేయవచ్చు కదా?

జవాబు: తయారుచేయవచ్చు, చేశారు కూడా. అందుకే పత్రాల్లో కూడా పెద్దచిన్నలు ఉంటాయి. అన్నిటికంటే గట్టిది కారు ఎవరికోసం, ఏ ఛాసిస్ నంబరుతో, ఏ రోజున బయటకు వెళ్ళిందో కర్మాగారం రాసుకున్న రికార్డు. రాసినవాడికి అబద్ధం చెప్పవలసిన అవసరం అప్పటికి లేదు. తరువాతిది సర్వీసు రికార్డు. పాత బెంట్లీలకు ఇవి చాలావరకు మిగిలి ఉండటం వల్ల ఏ ఇంజిన్ ఎప్పుడు ఏ కారులోకి వెళ్ళిందో ఈనాటికీ చాలా సందర్భాల్లో చెప్పగలుగుతున్నారు. మన ఆర్.సి. పుస్తకం లాంటి లాగ్ బుక్, పోటీ నిర్వాహకుల ఫలితాల పట్టికలు, యజమానుల మధ్య నడిచిన ఉత్తరాలు, వర్క్‌షాపు బిల్లులు, ఆనాటి ఫోటోలు ఆ తరువాత వస్తాయి. ఫోటోలను నేను బిల్లుల కంటే ముందు పెడతాను. బానెట్ మీద తోలు బెల్టు ఎక్కడుంది, రివెట్లు ఏ వరుసలో ఉన్నాయి, పెట్రోలు మూత ఏ వైపు తెరుచుకుంటుంది, ఇలాంటివి అబద్ధం చెప్పాలనుకున్నవాడికి తట్టవు.

అన్నిటికంటే బలహీనమైనవి జ్ఞాపకాలు. దీనికి బార్నాటోదే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఫ్రాన్సు దక్షిణ తీరంలోని కాన్ నుంచి ఉత్తరాన కలే రేవుకు వెళ్ళే ‘బ్లూ ట్రెయిన్’ అక్కడికి చేరేలోపే తాను కారులో సముద్రం దాటి లండన్ చేరతానని 1930 మార్చిలో ఆయన పందెం కట్టి, వాన, పొగమంచు దాటుకుంటూ నిజంగానే ముందుగా చేరారు. ఆయనకు గర్నీ నటింగ్ సంస్థ బాడీ కట్టిన ఒక కూపే ఉండేది. పైకప్పు వెనుకకు జాలువారుతూ, చూడగానే వేగం కనిపించే అందమైన కారు. పందెం గెలిచిన కారు అదేనని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు, రాశారు, బొమ్మలు గీశారు, చివరికి ఆ కారుకే ‘బ్లూ ట్రెయిన్ బెంట్లీ’ అన్న పేరు స్థిరపడింది. తీరా కర్మాగారం కాగితాలు చూస్తే ఆ కూపే బార్నాటోకు అందింది 1930 మేలో, అంటే పందెం అయిపోయిన రెండు నెలలకు. ఆ రాత్రి పరుగెత్తింది హెచ్.జె. ముల్లినర్ బాడీ కట్టిన, చూడటానికి సాదాసీదా సెలూన్. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అందమైన కారుకు అందమైన కథ అతుక్కుంది, అంతే. ఒక తేదీ లేకపోతే ఆ కథ ఇంకా నడుస్తూనే ఉండేది.

మీ రెండో ప్రశ్నకు నేరుగా చెప్పాలంటే, నంబరు పలక చేయించడం చాలా తేలిక, ఇనుము మీద నంబరు గుద్దడం ఇంకా తేలిక. చిక్కు మరొకచోట కూడా వస్తుంది. జాగ్వార్ డి-టైప్ అనే పందెపు కారు నిర్మాణంలో డ్రైవరు కూర్చునే మధ్యభాగం ఒక తొట్టిలాంటి అల్లాయ్ పెట్టె, ముందు ఇంజినును మోసే గొట్టాల చట్రం వేరు. పోటీల రోజుల్లో దెబ్బతిన్న చట్రాన్ని విప్పి పక్కన పడేశారు. తరువాత ఒకరు ఆ చట్రం చుట్టూ ఒక కారు కట్టుకున్నారు, మరొకరు మధ్యభాగం చుట్టూ ఇంకొకటి కట్టుకున్నారు. ఇద్దరి దగ్గరా నిజమైన పాత ఇనుమే ఉంది, ఇద్దరిదీ ఒకే నంబరు. ఇలాంటి జంట కార్లు లోకంలో ఉన్నాయి. పత్రాల వరుసలో ఒక్క ఏడాది ఖాళీ ఉన్నా కొనేవారు భయపడేది ఇందుకే. ఇంకొక సంగతి, పాత కార్ల పోటీలకు అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఒక సాంకేతిక పాస్‌పోర్టు ఇస్తుంది. కారు ఆ కాలపు సాంకేతిక నిబంధనలకు సరిపోతుందని చెప్పడమే దాని పని. దాన్ని చూపించి ‘చరిత్ర రుజువైంది’ అనేవారు ఎదురైతే జాగ్రత్తగా ఉండండి.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన తెలుగువాణ్ణి. ఇక్కడి కంపెనీలే పాత డ్రాయింగులతో మళ్ళీ అవే మోడళ్ళు తయారుచేసి అమ్ముతున్నాయి. తయారుచేసిన కంపెనీ అదే, నమూనా అదే అయినప్పుడు దానిని అసలైనది కాదని ఎందుకంటారు?

జవాబు: 1957 ఫిబ్రవరి 12న, మీరున్న ఊరికి దగ్గరలోనే, కవెంట్రీలోని జాగ్వార్ కర్మాగారంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. డి-టైప్ పందెపు కారును రోడ్డు మీద నడిపేందుకు వీలుగా మార్చిన ఎక్స్‌కేఎస్‌ఎస్ కార్లు తయారవుతున్న సమయమది. అనుకున్న 25లో తొమ్మిది కాలిపోయి, 16 మాత్రమే బయటకు వచ్చాయి. దాదాపు అరవై ఏళ్ళకు, 2016లో, ఆ తొమ్మిదింటి స్థానంలో కొత్తగా తొమ్మిది చేసి అమ్ముతామని జాగ్వార్ ప్రకటించింది. బెంట్లీ కూడా, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం బిగించిన తన పాత ‘బ్లోయర్’ను పన్నెండు, స్పీడ్ సిక్స్‌ను పన్నెండు చొప్పున మళ్ళీ తయారుచేయడానికి పూనుకుంది. పనితనంలో ఇవి పాతవాటికి ఏ మాత్రం తీసిపోవు. కొలతల కచ్చితత్వంలో బహుశా మించుతాయి కూడా.

అయినా వీటికీ ఓల్డ్ నంబర్ వన్‌కూ ఉన్న తేడాను మన రథాలతో చెప్పుకోవచ్చు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కొద్ది నెలల్లోనే కొత్త రథం చేయించారు, 2021 కల్యాణోత్సవాల నాటికి అది వీధుల్లోకి వచ్చింది. స్వామి అదే, కొలతలు దాదాపు అవే, భక్తిలో లోటేమీ లేదు. అయినా దానిని పాత రథమని ఎవరూ అనలేదు, కొత్త రథమనే అన్నారు. మరొక ఊరి గుడిలో ఒక ఏడాది ఇరుసు, మరొక ఏడాది చక్రం, ఇంకొకప్పుడు పైపలకలు మార్చిన రథాన్ని మాత్రం అందరూ ‘మా తాతల నాటి రథం’ అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, ఎందుకంటే ఏ ఏటికి ఆ ఏడు ఊరు లాగింది దానినే. కాలిపోయిన తొమ్మిది జాగ్వార్లూ ఎవరి చేతికీ అందలేదు, ఏ పోటీలోనూ పరుగెత్తలేదు. వాటి పేరుతో వచ్చినవి మంచి కొత్త కార్లు. ఆ మాట కంపెనీ దాచలేదు కనుక నాకు వాటి మీద ఫిర్యాదు లేదు.

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. ఇలాంటి కార్ల ధర ఇంతగా ఎందుకుంటుంది? మిగతావి ఎంతకు పోయాయి?

జవాబు: టిమ్ బిర్కిన్ బ్రూక్‌లాండ్స్‌లో నడిపిన ఒంటి సీటు బ్లోయర్ బెంట్లీ 2012లో గుడ్‌వుడ్ వేలంలో 50 లక్షల పౌండ్లు దాటింది. 1956 లే మాన్‌ను స్కాట్లండ్‌కు చెందిన ఎకురీ ఎకోస్ జట్టు గెలిచిన డి-టైప్ జాగ్వార్ 2016లో అమెరికాలో 2 కోట్ల 17 లక్షల డాలర్లకు, మరుసటి ఏడాది అక్కడే ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 శ్రేణిలోని మొదటి కారు 2 కోట్ల 25 లక్షల డాలర్లకు పోయాయి. ఆ శ్రేణిలో తయారైనవి మొత్తం అయిదే. కొరత, గెలుపు, తెగని కాగితాల వరుస మూడూ ఒకేచోట కలిస్తే ఈ ధరలు పలుకుతాయి. ఏ ఒక్కటి తగ్గినా ధర సగానికి కాదు, అంతకంటే కిందికే జారుతుంది.

ప్రశ్న: వరంగల్‌లో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. పాత కారును కొత్తదానిలా తళతళలాడేలా చేయడం మంచిదా, ఉన్నది ఉన్నట్లు ఉంచడం మంచిదా? ఆ ఇంజిన్లను ఈ రోజుల్లో ఎవరు, ఎలా బాగుచేస్తారు?

జవాబు: మీ ఉత్తరం చూసి సంతోషం కలిగింది, ఎందుకంటే దీనికి జవాబు పానాలు పట్టుకున్నవారికే సరిగ్గా అర్థమవుతుంది. ముందు ఇంజిన్ సంగతి. స్పీడ్ సిక్స్‌లో సిలిండరు బ్లాకు, హెడ్ ఒకే పోత. హెడ్ విప్పడమన్నది లేదు. వాల్వులు నూరాలంటే బ్లాకు మొత్తం పైకి లేపాల్సిందే. సిలిండరుకు నాలుగు వాల్వులు, రెండు ప్లగ్గులు. పైన ఉన్న క్యామ్‌షాఫ్టును గొలుసుతోనో గేర్లతోనో తిప్పరు, ఇంజిన్ వెనుక భాగంలో రైలు ఇంజిన్ చక్రాలను కలిపే కడ్డీల మాదిరిగా మూడు కడ్డీలు కిందికీ పైకీ ఆడుతూ తిప్పుతాయి. అందుకే అది చప్పుడు లేకుండా నడిచేది. బేరింగులు ఇప్పటి షెల్ బేరింగులు కావు. తెల్లలోహం కరిగించి పోసి, చల్లారాక కోసి, చేత్తో గీకి సరిపెట్టాలి. మరలన్నీ ఇంగ్లీషు కొలతలవే కనుక మిల్లీమీటరు పానాలు పట్టవు. ఈ పనులు తెలిసిన నిపుణుల వర్క్‌షాపులు ఇంగ్లండులో ఇప్పటికీ నడుస్తున్నాయి. చీలిన బ్లాకుల స్థానంలో కొత్త పోతలు పోసి ఇచ్చేవారూ ఉన్నారు.

ఇక్కడే మీ మొదటి ప్రశ్న వస్తుంది. కొత్త బ్లాకు వేస్తే కారు నిశ్చింతగా తిరుగుతుంది, పాత బ్లాకు ఉంచితే చరిత్ర నిలుస్తుంది. తెలివైన యజమానులు రెండూ చేస్తారు. ఇందాక చెప్పిన ఆస్టన్ మార్టిన్‌ను అమ్మినప్పుడు అందులో నడుస్తున్నది కొత్తగా చేయించిన ఇంజిన్. అసలుది భద్రంగా దాచి కారుతో పాటే అప్పగించారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ చెప్పే పద్ధతి కూడా దాదాపు ఇదే. వీలైనంతవరకు ఉన్నది కాపాడాలి, తప్పనిసరైతేనే మార్చాలి, ఏది మార్చామో రాసి పెట్టాలి. తళతళ గురించి ఆ పత్రానికి పెద్దగా ఆసక్తి లేదు, నాకూ లేదు. గుడ్డ తొడిగిన బాడీ మీద అద్దంలాంటి రంగు, సీట్లకు కొత్త తోలు, ప్రతి నట్టుకూ క్రోమ్ పూత వేసి నిలబెట్టిన కార్లను చూస్తే పెళ్ళికి ముస్తాబైన ముసలాయన గుర్తొస్తాడు. లే మాన్‌లో ఆ కార్లు ఎప్పుడూ అలా లేవు.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఇరవై ఏళ్ళ కిందట మా నాన్నగారి స్కూటరును ఒక షెడ్డులో రంగు వేయించాను. డెంటింగ్ కుర్రాడు శ్రద్ధగా పనిచేసి, ముందు కవచం లోపలివైపు 1968లో డీలరు అంటించిన చిన్న రేకును కూడా గీకి పారేశాడు. అమ్మిన తేదీ, ఊరు ఉన్నది ఆ ఒక్క రేకు మీదే. రంగు బాగానే కుదిరింది. తప్పు అతనిది కాదు, ముందుగా ఫోటోలు తీసి పెట్టుకోని నాది.

ఓల్డ్ నంబర్ వన్‌కు లే మాన్ నాటి బాడీని మళ్ళీ కట్టించిన విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ఆ పని అందంగా జరిగింది, కానీ అందుకోసం 1932 ప్రమాదం తరువాత బార్నాటో స్వయంగా దానికి కట్టించుకున్న కూపే బాడీ పోయింది. లే మాన్ రూపం కన్నా ఆ కూపేయే నిజానికి దాని జీవితంలో ఎక్కువకాలం ఉన్న రూపం. ప్రేక్షకులు చూడాలనుకునేది 1929 కారునే కాబట్టి యజమాని అలా చేశారు. నేనైతే కూపేను ఉంచేవాణ్ణి.

ప్రశ్న: గుంటూరు నుంచి. మా తాతగారు కొన్న మోరిస్ కారు మా ఇంట్లో ఉంది, 1950ల నాటిది. పందెపు కారు కాదు గానీ మీరు రాసింది చదివాక దాని చరిత్ర కాగితాల్లో పెట్టాలనిపించింది. ఎక్కడ మొదలుపెట్టాలి? రిజిస్ట్రేషన్ మాటేమిటి?

జవాబు: కారును ముట్టుకోకముందే ఫోటోలు తీయండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, పలకలు, లోపలి రేకులు, సీటు కింద, డిక్కీలో కనిపించేవన్నీ తీయండి. పాత ఆర్.సి. పుస్తకం, పన్ను రశీదులు, ఇన్సూరెన్సు కాగితాలు ఎంత చిరిగినా పారేయకండి. తాతగారు కారు పక్కన దిగిన పెళ్ళి ఫోటోల్లో నంబరు ప్లేటు కనిపిస్తే అది మీకు ఒక బిల్లుతో సమానం, ఆ ఫోటో వెనుక తేదీ రాసి ఉంటే రెండు బిల్లులతో సమానం. పెద్దవాళ్ళు చెప్పే సంగతులు రాసుకోండి గానీ, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా పక్కనే రాయండి. బ్లూ ట్రెయిన్ కథ గుర్తుంది కదా.

రిజిస్ట్రేషన్ విషయానికొస్తే, 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేక ఏర్పాటు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో కూడిన నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత తిరిగి చేయించుకోవడానికి 5,000. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి నడపవచ్చు; రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి తిప్పకూడదు. వాహనం అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదన్నది ముఖ్యమైన షరతు. ఆ లెక్కన లండన్ హైకోర్టు అసలైనదని తీర్చిన ఓల్డ్ నంబర్ వన్ గుంటూరు రవాణా కార్యాలయానికి వస్తే వెనక్కి వెళ్ళవలసిందే. మీ మోరిస్‌కు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు, మధ్యలో ఎవరైనా దానికి డీజిల్ ఇంజిన్ బిగించి ఉంటే తప్ప. ఒకప్పుడు మన ఊళ్ళలో ఆ పని తరచుగా జరిగేది కనుక, ముందు బానెట్ ఎత్తి చూసుకుని ఆ తరువాతే దరఖాస్తు పెట్టండి.